నలభై మూడు శాతం ఖాళీ

ఇసుక నేలలో ఖాళీ ఎంత? సగటున నూటికి 43 పాళ్లు. మరి పంటకు అచ్చొచ్చే గరప నేలలో? అదీ 43 పాళ్లే. 1988లో కార్సెల్, పారిష్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా నేలల సమాచారాన్ని రాశులుగా ముందేసుకుని, నేల రకాలవారీగా సగటు విలువలు కట్టి ఒక పట్టిక ప్రచురించారు. నేలలో నీటి కదలికను లెక్కగట్టేవాళ్లు ఇప్పటికీ ఆ పట్టికను తిరగేస్తూనే ఉంటారు. అందులో ఇసుకకూ గరపకూ ఎదురుగా ఉన్నది ఒకే అంకె, 0.43. బంకమట్టికి ఇంకా తక్కువ, 0.38.

ఈ అంకెలు మాత్రమే చూస్తే ఇసుక, గరప ఒకే తీరున నీళ్లు తాగుతాయనీ, బంకమట్టి వాటికన్నా తక్కువ తాగుతుందనీ అనిపిస్తుంది. వాన వెలిసిన నాలుగు రోజులకు ఈ మూడు రకాల చేలల్లోనూ అడుగుపెట్టిన రైతుకు ఆ మాట చెబితే నవ్వుతాడు. అప్పటికి ఇసుక చేను పొడిబారిపోయి ఉంటుంది. గరపలో అరక కట్టడానికి సరిగ్గా పదును ఉంటుంది. బంకనేలలో కాలు దిగబడుతుంది.

అంకెలో తప్పు లేదు. ఇంటి వైశాల్యం ఎంతో చెబితే గదులెన్నో, గుమ్మాలెంత వెడల్పో తెలిసిపోవు. సరంధ్రత అనే ఈ అంకె కూడా అంతవరకే చెబుతుంది. ఆ ఖాళీ ఏయే సైజుల రంధ్రాలుగా పంచుకుని ఉంది, అవి ఒకదానితో ఒకటి ఎలా కలిశాయి అన్న సంగతి దొరికితేగాని నేలలో నీరు ఏం చేస్తుందో ఊహించలేం. శాస్త్రజ్ఞులకు ఆ సంగతిని లెక్కలోకి దించడానికి డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది.

సరంధ్రతను కొలవడమైతే తేలికే. చిన్న ఉక్కు గొట్టాన్ని నేలలోకి దిగగొట్టి, మట్టి చెదరకుండా తీసి, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచాలి. ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములు తూగిందనుకుందాం. నేలలోని రాతి రేణువుల సాంద్రత సుమారు 2.65. భాగిస్తే 0.49. అంటే గట్టి పదార్థం 49 పాళ్లు, మిగిలిన 51 పాళ్లూ ఖాళీ. ఆ ఖాళీ నిండా నీరుంటే నేల సంతృప్తం. కొంత నీరు, కొంత గాలి ఉంటే అసంతృప్తం. వరి వంటి ఒకటి రెండు పంటలను పక్కనబెడితే మన పైర్లన్నీ బతికేది ఈ రెండో స్థితిలోనే.

అసంతృప్త నేలలో నీరు జారిపోకుండా ఎందుకు నిలుస్తుంది? సన్నని గాజు గొట్టాన్ని నీటిలో నిలబెడితే తలతన్యత వల్ల నీరు పైకి ఎగబాకుతుంది. ఎంత ఎత్తుకో చెప్పే సూత్రం నోటితో కట్టగలిగినంత చిన్నది. 0.3ని గొట్టం వ్యాసంతో భాగించాలి, రెండూ సెంటీమీటర్లలోనే. వ్యాసం మిల్లీమీటరులో పదోవంతు అయితే 30 సెంటీమీటర్లు. నూరోవంతు అయితే 3 మీటర్లు. వెయ్యోవంతు అయితే 30 మీటర్లు, అంటే పదంతస్తుల మేడంత. దీన్నే తిరగేసి చూస్తే, అంత సన్నని రంధ్రంలోంచి నీటిని బయటికి గుంజాలంటే అంత బలమూ ప్రయోగించాలి. నేల నీటిని పట్టి ఉంచే ఈ బలాన్ని ఈ అధ్యాయంలో ‘పట్టు’ అందాం, సెంటీమీటర్ల నీటి ఎత్తుతో కొలుద్దాం. పట్టు 30 దగ్గరున్న నేలలో మిల్లీమీటరులో పదోవంతుకన్నా లావైన రంధ్రాలు ఖాళీ అయిపోయాయి. అంతకన్నా సన్ననివి ఇంకా నిండుగా ఉన్నాయి.

ఈ ఆలోచనను నేలకు అన్వయించినవాడు నేలల శాస్త్రజ్ఞుడు కాదు. ఎడ్గార్ బకింగ్‌హామ్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఓస్ట్‌వాల్డ్ దగ్గర డాక్టరేటు చేసిన భౌతికశాస్త్రవేత్త. 1902లో అమెరికా వ్యవసాయ శాఖవారి నేలల విభాగంలో చేరాడు. 48 అంగుళాల పొడవైన గొట్టాల్లో రకరకాల మట్టి నింపి, అడుగు భాగం నీటిలో ఉండేలా నిలబెట్టాడు. నీరు ఎక్కగలిగినంత ఎక్కి స్థిరపడేదాకా వారాల తరబడి ఆగాడు. ఆ తర్వాత మట్టిని ముక్కలుగా కోసి, ఏ ఎత్తున ఎంత తేమ ఉందో తూచాడు. కదలిక ఆగిపోయిన గొట్టంలో, నీటి మట్టం నుంచి ఎంత ఎత్తులో ఉంటే అక్కడ పట్టు అంతే. కాబట్టి ఆ ముక్కల బరువులే పట్టుకూ తేమకూ ఉన్న సంబంధాన్ని, అంటే తేమ వక్రరేఖను, చెప్పేశాయి. పరికరం ఇంతకన్నా చవకగా ఉండడం కష్టం!

1907లో ఆయన ప్రచురించిన నివేదికలో ఇంకొక అడుగు కూడా ఉంది. అంతకు యాభై ఏళ్ల ముందు, 1856లో, హెన్రీ డార్సీ ఫ్రాన్స్‌లోని దిజోన్ పట్టణపు నీటి సరఫరా పనుల సందర్భంగా ఇసుక గుండా నీటిని పారించి, ప్రవాహం పీడన వ్యత్యాసానికి అనుపాతంలో ఉంటుందని తేల్చాడు. ఆ ఇసుక పూర్తిగా తడిసిన ఇసుక. బకింగ్‌హామ్ అదే నియమాన్ని సగం తడిసిన నేలకు తెచ్చాడు, ఒక చిన్న మార్పుతో. నీటిని పారనిచ్చే గుణం, అంటే పారుదల, ఇక్కడ స్థిరాంకం కాదు, తేమను బట్టి మారుతుంది. తర్వాతి కాలంలో భౌతికశాస్త్రంలో ఆయనకు పేరు తెచ్చింది 1914 నాటి పరిమాణ విశ్లేషణ సిద్ధాంతం. నేలల గురించిన ఆ నివేదికే ఆయన రాసినవాటిలో గొప్పదని నా అభిప్రాయం.

ఇప్పుడు 43 దగ్గరికి మళ్లీ వద్దాం. పొలం తడిసి, అదనపు నీరు దిగిపోయాక మిగిలే తేమకు వాడుకలో ఉన్న కొండగుర్తు 330 సెంటీమీటర్ల పట్టు. కార్సెల్, పారిష్‌ల సగటు విలువలతో లెక్కవేస్తే ఆ పట్టు దగ్గర ఇసుకలో మిగిలేది నూటికి నాలుగున్నర పాళ్ల నీరు. గరపలో పదహారున్నర. బంకమట్టిలో దాదాపు 35. ఖాళీ తక్కువున్న బంకమట్టే అందరికన్నా ఎక్కువ నీటిని అట్టిపెట్టుకుంది, ఎందుకంటే దాని ఖాళీ అంతా సన్నసన్నని రంధ్రాల్లో ఉంది.

అయితే అట్టిపెట్టుకున్నదంతా పైరుకు దక్కదు. పట్టు 15,000 సెంటీమీటర్లు దాటితే చాలా మొక్కల వేళ్లు నీటిని గుంజలేక వాడిపోతాయి, రాత్రి గడిచినా తేరుకోవు. ఆ దశలో కూడా బంకమట్టిలో 27 పాళ్ల నీరు ఉంటుంది. గరపలో తొమ్మిది లోపే. తీసివేసి చూస్తే పైరుకు అందే వాటా గరపలోనూ బంకమట్టిలోనూ దాదాపు ఒకటే, ఏడున్నర పాళ్ల చిల్లర. చేతికి తడి తగులుతున్నా చెట్టు వాడిపోవడం బంకనేలలో ఎందుకు జరుగుతుందన్నదానికి జవాబు ఈ తీసివేతలో ఉంది.

నీరు నిలవడం కన్నా నీరు కదలడం ఇంకా వింత. పూర్తిగా తడిసినప్పుడు ఇసుక రోజుకు 713 సెంటీమీటర్ల నీటిని పారనిస్తుంది, గరప 25 మాత్రమే. ఇసుక 28 రెట్లు ముందుంది. కొంచెం ఆరనిద్దాం. పట్టు 100 సెంటీమీటర్లకు చేరిందనుకుందాం, అంటే ఇంకా బాగా పదునున్న స్థితే. అవే సగటు విలువలతో లెక్కిస్తే గరప రోజుకు సెంటీమీటరులో ముప్పయ్యోవంతు పారనిస్తుంది. ఇసుక? సెంటీమీటరులో లక్షో వంతుకు రెండింతల లోపు. ఇప్పుడు గరప ఇసుకను దాదాపు రెండు వేల రెట్లు మించిపోయింది. వరదలో ఎక్స్‌ప్రెస్‌లా దూసుకుపోయిన ఇసుక, కాస్త ఆరేసరికి నీటికి అడ్డుగోడ అయింది. దాని రంధ్రాలన్నీ ఇంచుమించు ఒకే సైజువి, పెద్దవి. ఖాళీ అయితే అన్నీ ఒక్కసారే ఖాళీ అవుతాయి. గాలి నిండిన రంధ్రంలో నీటికి దారి ఉండదు, రేణువుల అంచుల్లో అంటుకున్న పలుచని పొరే మిగులుతుంది.

ఈ తలకిందులు ఒకసారి అర్థమైతే చాలా సంగతులు వాటంతటవే విడిపోతాయి. పూలకుండీ అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగిపోతుందని చాలామంది నమ్మకం. జరిగేది దానికి వ్యతిరేకం. పైనున్న సన్నమట్టి దాదాపు పూర్తిగా తడిసి, పట్టు సున్నాకు చేరేదాకా ఆ నీరు రాళ్ల మధ్యనున్న పెద్ద ఖాళీల్లోకి దిగదు. కుండీలో తడిబురద పొర కిందికి పోవడానికి బదులు పైకి జరుగుతుంది. అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన వాల్టర్ గార్డ్‌నర్ 1950ల చివర్లో గాజు పలకల మధ్య మట్టి పొరలు పేర్చి, నీరు ముతక పొర అంచున ఆగి పక్కలకు పాకడాన్ని సినిమా తీశాడు. తరాల విద్యార్థులు నమ్మింది ఆ సినిమా చూశాకే. ఇదే సూత్రాన్ని ఇప్పుడు చెత్తకుప్పల మీద కప్పు వేయడానికీ వాడతారు. సన్నమట్టి కింద ముతక పొర వేస్తే వాన నీరు లోపలి చెత్తదాకా దిగకుండా అడ్డుతుంది.

యాసంగి జొన్నలో గుంటక తోలడం వెనకా ఇదే ఉంది. పైన రెండు మూడు అంగుళాల మట్టిని గుల్ల చేస్తే అక్కడి రంధ్రాలు పెద్దవవుతాయి, ఎండకు తొందరగా ఆరిపోతాయి, ఆరిన పెద్ద రంధ్రాలు కింది తేమను పైకి ఎక్కనివ్వవు. బకింగ్‌హామ్ నివేదికలో మొదటి భాగం ఈ విషయం మీదే ఉండడం ఊరికే కాదు. అమెరికా పడమటి మెట్ట రైతులకు అప్పట్లో అదే బతుకు సమస్య. అదే రైతు విత్తిన సాలు మీద మాత్రం బరువు తోలి మట్టిని అదుముతాడు. అక్కడ రంధ్రాలు సన్నబడి, చుట్టుపక్కల తేమ గింజదాకా నడిచి వస్తుంది. ఒకచోట గుల్ల చేయడం, ఇంకోచోట అదమడం! రెండూ ఒకే వక్రరేఖ మీద రెండు చివరలు.

నీటి ఈ కదలికనంతా ఒక్కచోట చేర్చిన సమీకరణం కథ క్లుప్తంగా. 1931లో లొరెంజో రిచర్డ్స్ అనే యువకుడు బకింగ్‌హామ్ నియమాన్నీ, నీరు ఎక్కడా మాయం కాదన్న నియమాన్నీ కలిపి ఒకే అవకలన సమీకరణంగా రాశాడు. దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. కానీ అలాంటి సమీకరణమే 1922లో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ రాసిన వాతావరణ గణన గ్రంథంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్సు నడుపుతూ వాతావరణాన్ని చేత్తో లెక్కవేసిన మనిషి ఆయన. గాలిలోని తేమకు నేలనుంచి ఎంత అందుతుందో కావాల్సి వచ్చి దారిలో అది కూడా రాసి పారేశాడు.

సమీకరణం ఉంటే చాలదు. ప్రతి పట్టుకూ తేమ ఎంతో, ప్రతి తేమకూ పారుదల ఎంతో ఇవ్వాలి. ప్రయోగశాలలో ఒక్క నమూనాకు ఈ కొలతలన్నీ తీయడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడతాయి. 1964లో బ్రూక్స్, కోరీ ఒక సూత్రం ఇచ్చారు. 1976లో ఇజ్రాయెల్‌కు చెందిన ముఆలెం తేమ వక్రరేఖ తెలిస్తే పారుదలను దానినుంచే రాబట్టే దారి చూపాడు. 1980లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పనిచేస్తున్న వాన్ గెనుక్టెన్ ఆ దారికి సరిగ్గా ఒదిగే నున్నని వక్రరేఖను కనిపెట్టాడు. దానికి నాలుగు అంకెలు చాలు. నిండా తడిసినప్పటి తేమ, ఎంత గుంజినా వదలని తేమ, ఆల్ఫా, ఎన్. మొదటిది ఇంచుమించు మన సరంధ్రతే. ఆల్ఫా పెద్దదైతే పెద్ద రంధ్రాలు త్వరగా ఖాళీ కావడం మొదలవుతుంది. ఎన్ పెద్దదైతే రంధ్రాలన్నీ ఒకే సైజుకు దగ్గరగా ఉన్నాయని. ఇసుకకు ఎన్ 2.68, గరపకు 1.56, బంకమట్టికి 1.09. ఈ అధ్యాయంలో ఇంతవరకు కార్సెల్, పారిష్‌ల సగటు విలువలతో వేసిన లెక్కలన్నీ ఈ సూత్రంతోనే.

హైడ్రస్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ నాలుగింటికి తోడు నిండా తడిసినప్పటి పారుదలను తీసుకుని, నేలను పలుచని పొరలుగా కోసి, ప్రతి పొరకూ క్షణక్షణం లెక్క కడతాయి. ఇక్కడొక హెచ్చరిక చేయాలి. ఆల్ఫా, ఎన్ ప్రకృతి నియమాలు కావు, కొలతలకు ఒదిగేలా గీసిన గీతకు పెట్టిన పేర్లు. పట్టికలోంచి సగటు విలువ ఎత్తి తన పొలానికి అంటించి, తెర మీద అందమైన రంగుల బొమ్మ రాగానే నిజం తెలిసిపోయిందనుకునేవాళ్లను చూస్తే నాకు భయం. ఒకే పొలంలో రెండు గుంటల మధ్యనే పారుదల పదింతలు తేడా రావడం మామూలే.

ఇంతకీ సరంధ్రత మారితే వక్రరేఖ ఎలా మారుతుంది? ఉక్కు గొట్టంతో తీసి తూచిన మట్టినే తీసుకుందాం. ట్రాక్టరు చక్రాలు తొక్కీ తొక్కీ సాంద్రత 1.3 నుంచి 1.6కు పెరిగితే ఖాళీ 51 నుంచి 40కి దిగుతుంది. అయిదోవంతు పోయింది. ఆ పోయింది అన్ని సైజుల నుంచి సమానంగా పోలేదు. నలిగేవి ముందుగా లావు రంధ్రాలు. అందువల్ల వక్రరేఖ తడివైపు చివర కూలిపోతుంది, ఎండువైపు చివర దాదాపు కదలదు. వాడిపోయే దశలో నీరు రేణువుల ఉపరితలాలకు అంటుకుని ఉంటుంది. తొక్కినంత మాత్రాన రేణువుల ఉపరితలం తగ్గదు కదా. మధ్యలో మాత్రం కొంతమేర అదిమిన మట్టే ఎక్కువ నీటిని ఉంచుకుంటుంది, నలిగిన లావు రంధ్రాలు మధ్యరకం రంధ్రాలుగా మారాయి కనుక.

పారుదల మీద దెబ్బ ఇంకా పెద్దది. 1927లో కోజెనీ, 1937లో కార్మన్ రూపుదిద్దిన సూత్రం ప్రకారం 51 నుంచి 40కి దిగితే పారుదల మూడోవంతుకు పడిపోవాలి. నిజమైన పొలంలో అంతకన్నా ఎక్కువే పడిపోవచ్చు. ఆ సూత్రం రంధ్రాలన్నీ ఇంచుమించు ఒకే రకమని ఊహిస్తుంది. గొట్టంలో ప్రవాహమేమో వ్యాసానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు లావున్న ఒక్క వానపాము దారి, మిల్లీమీటరులో పదోవంతు లావున్న పది వేల రంధ్రాలకు సమానం. అలాంటివి నాలుగు మూసుకుపోతే సరంధ్రత అంకెలో అది కనిపించనే కనిపించదు, మడుగు కట్టిన చేనులో కనిపిస్తుంది.

దీన్ని కావాలని చేసేది వరి రైతే. కోస్తాలో దమ్ము, తెలంగాణలో కరిగెట అనే పనిలో నీటిలో మట్టిని చిలికి, పెళ్లల మధ్యనున్న లావు దారులన్నిటినీ చెరిపేస్తారు. ఆ బురదలో మొత్తం ఖాళీ పెద్దగా తగ్గదు. తగ్గేది నీరు ఇంకే వేగం. ఏటా అదే లోతున దున్నడం వల్ల కిందొక గట్టి పొర కూడా ఏర్పడుతుంది. ఇక్కడొక చోద్యం ఉంది. పైన బెత్తెడు నీరు నిలిచి ఉన్నా, నీటిమట్టం లోతుగా ఉన్నచోట ఆ గట్టి పొర కింది మట్టి అసంతృప్తంగానే ఉండొచ్చు. పైపొర వదిలే కాస్త నీటిని కింది మట్టి తన సన్నని రంధ్రాలతోనే పట్టుకుపోగలదు. లావువాటికి నిండే అవసరం రాదు.

ఇంకొక చిక్కు ఉంది. తడుస్తున్న నేలకూ ఆరుతున్న నేలకూ వక్రరేఖ ఒకటి కాదు. పెద్ద రంధ్రానికి సన్నని మెడ ఉంటే, ఆరేటప్పుడు ఆ మెడ నీటిని లోపలే బిగబడుతుంది. తడిసేటప్పుడు పెద్ద పొట్ట నిండడానికి ఆలస్యమవుతుంది. రంధ్రాలు ఇలా ఆగి ఆగి ఒక్కసారిగా నిండడం, ఖాళీ కావడం అనే దుముకుళ్లను హైన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1930లో వివరించాడు. ఒకే పట్టు దగ్గర, ఆరుతూ వచ్చిన నేలలో తేమ ఎక్కువ, తడుస్తూ వచ్చిన నేలలో తక్కువ. చాలా లెక్కల్లో దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు, పని పెరుగుతుందని.

నల్లరేగడి దగ్గర మాత్రం ఏదీ వదిలేయడానికి కుదరదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ఆవరణలో ఎర్రచల్కా, నల్లరేగడి రెండూ ఉన్నాయి; అక్కడి రేగడిని శాస్త్రజ్ఞులు కాసిరెడ్డిపల్లి శ్రేణి అంటారు. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకునే బంక ఖనిజాలున్న ఈ నేలలో సరంధ్రత అనేది ఒక అంకె కానే కాదు. వేసవిలో చేయి పట్టేంత వెడల్పున నెర్రెలు విచ్చుకుంటాయి. తొలకరి జల్లు మట్టిని పైనుంచి తడుపుకుంటూ దిగదు, నెర్రెల్లోంచి నేరుగా అడుగుకు జారి, అక్కడినుంచి పక్కలకు ఇంకుతుంది. నాలుగు వానలు పడేసరికి నెర్రెలు మూసుకుని, అదే చేను నీటిని తాగనని మొరాయిస్తుంది. రిచర్డ్స్ సమీకరణం నెర్రెల్లోంచి జారే ఈ ప్రవాహాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అందులో నీరు ప్రతి బిందువు దగ్గరా చుట్టుపక్కల పట్టుతో సర్దుకుంటూ కదులుతుందన్న ఊహ ఉంది. నెర్రెలో పడ్డ నీరు అలా సర్దుకోకముందే కిందికి చేరుతుంది.

1993లో గెర్కె, వాన్ గెనుక్టెన్ ఇలాంటి నేలలకు ఒక ఉపాయం చెప్పారు. ఒకే చోట రెండు నేలలున్నట్టు లెక్క రాయాలి. లావు దారుల నేల ఒకటి, సన్న రంధ్రాల నేల ఒకటి. రెండింటికీ వేరువేరు సరంధ్రత, వేరువేరు వక్రరేఖ, మధ్యలో ఒకదాన్నుంచి ఇంకొకదానికి నీరు మారే రేటు. లెక్క కుదురుతుంది, కానీ నాలుగు అంకెలు పదికి చేరతాయి, ఆ మారే రేటును పొలంలో కొలవడం అన్నిటికన్నా కష్టం. రేగడికైతే అదీ చాలదు. రెండు నేలల వాటాలు వానకు వాన మారిపోతుంటాయి కనుక, నీరు ఎంత ఉందో తెలిస్తేగాని నెర్రె ఎంత వెడల్పో తెలియదు, నెర్రె ఎంతో తెలిస్తేగాని నీరు ఎక్కడికి పోతుందో తెలియదు. అందుకని కంప్యూటరు ప్రతి అడుగులోనూ ఒకదాన్ని ఊహించి, రెండోదాన్ని లెక్కించి, వెనక్కి వచ్చి మొదటిదాన్ని దిద్దుకుంటూ, రెండూ పొసగేదాకా తిరుగుతూనే ఉంటుంది.